తల్లిగారింటికి పిడికెడు బియ్యం

బాయి పోయిందన్న తంతి వచ్చినప్పుడు నేను క్లాసులో నల్లబల్ల మీద గోదావరి గీస్తున్నాను. ప్యూను గుమ్మంలో నిలబడి కాగితం పైకెత్తి చూపించాడు. తంతి అంటే ఏం కబురో పిల్లలకు కూడా తెలుసు. ముందు బెంచీ వాళ్లు నా ముఖం వైపు చూశారు. నేను సుద్దముక్క లేపలేదు. నదిని రాజమండ్రి దాటించి, పాయలు చీల్చి, సముద్రంలో కలిపాను. ఆ తరువాతనే చేతులు దులుపుకొని కాగితం అందుకున్నాను.

గట్టి గుండె అనుకునేరు, అదేం కాదు. అలవాటు. చిన్నప్పుడు నదిని నడిమధ్య వదిలి పెన్సిలు లేపితే బాయి ఊరుకునేది కాదు. "సముద్రంల కలిసినంకనే చెయ్యి లేపాలె బిడ్డా. సగం గీసిన నది యాడికి పోతది? మడుగైతది," అనేది. పిల్లలం నవ్వేవాళ్లం. ఆమె నవ్వేది కాదు.

తంతి నాగపూరు నుంచి వచ్చింది. పంపినవాడు బాయి ఆడబిడ్డ కొడుకు. బాయి తెల్లవారుజామున పోయిందనీ, పుట్టింటి చీర తీసుకొని రమ్మనీ, మేం వచ్చేదాకా ఎత్తబోమనీ దాని సారం. ఆసిఫాబాదులో ఉన్న మా బాపుకూ ఇలాంటిదే చేరి ఉంటుంది. మా దిక్కు నాన్నను బాపు, అమ్మను అవ్వ, పుట్టిల్లును తల్లిగారిల్లు అంటారు. ముత్తైదువ పోతే తల్లిగారోళ్లు చీర తేవాలి, ఒళ్లో పసుపు కలిపిన బియ్యం, ఒడిబియ్యం, పోయాలి. అవి లేకుండా పాడె లేపరు. ఆ తల్లిగారోళ్లం మేమే. మాకూ బాయికీ రక్తసంబంధం ఏమీ లేదు.

పీరియడు ఇంకా మిగిలే ఉంది. డెల్టా అంటే ఏమిటో చెప్పి, పిల్లలకు అర్థమైందో లేదో అడిగి, సెలవు చీటీ రాసిచ్చి బయటపడ్డాను. కరీంనగరం బజారులో నాకు తెలిసిన బట్టల దుకాణం ఒకటే. బాయి కట్టేది ముదురు ఆకుపచ్చ నేతచీర, ఎర్ర అంచు. జరీ ఉంటే ముట్టుకునేది కాదు. అదే అడిగాను. దుకాణదారు చీరలు గుట్టగా పోసి, "పెండ్లికా టీచరమ్మా, పండుగకా?" అన్నాడు. మా మేనత్తకు అన్నాను. అతను ఒక చీర మడత విప్పి అంచు చూపించి, కాగితంలో చుడుతూ, "అత్తమ్మకు నచ్చకుంటె మల్ల తెచ్చియ్యుండ్రి, మారుస్త," అన్నాడు. సరే అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు. పెద్దపల్లి బస్సులో ఒళ్లో ఆ కాగితపు పొట్లం పెట్టుకొని కూర్చుంటే ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు.

మా ఆసిఫాబాదు మీద మరాఠీ గాలి ఎక్కువ. గౌరవం గల ఆడమనిషిని బాయి అంటాం. ఆడపిల్లల బడికి ఆమె వచ్చిన నాటి నుంచీ ఊరంతటికీ ఆమె బాయే. అసలు పేరు రిజిస్టరులో ఉండేది. మేం ఎవరం పలికి ఎరగం, ఇప్పుడు రాయబుద్ధీ కావడం లేదు.

కాసె పోసి చీర కట్టేది. చేతిలో ఎప్పుడూ మగవాళ్ల నల్లగొడుగు. ఎండకు పట్టుకునేది, వానకు పట్టుకునేది, రెండూ లేనప్పుడు దాన్నే బెత్తంలా పటం మీద తిప్పేది. భూగోళాన్ని ఉర్దూలో చదువుకున్న మనిషి గనక జుగ్రాఫియా అనేది. మా బడి గూన పెంకులది. వానాకాలంలో సరిగ్గా కుర్చీ మీదనే కారేది. కుర్చీ జరపొచ్చు కదా. ఆమె జరపలేదు. క్లాసులో గొడుగు విప్పి, దాని కింద నిలబడి మాకు రుతుపవనాలు చెప్పింది. "నైరుతి నుంచి వస్తయ్. సూస్తున్నరు గద," అన్నది, మొహంలో ఏ మార్పూ లేకుండా.

కోపం వస్తే కేకలు వేసేది కాదు. "అచ్ఛా," అనేది. ఆ ఒక్క మాటకు పెద్ద పెద్ద పోరీలు కూడా గజగజ వణికేవాళ్లు. బుగ్గన ఎప్పుడూ ఒక వక్కపలుకు ఉండేది. పాఠం మొదలుపెట్టే ముందు దాన్ని తీసి కొంగు కొనకు ముడివేసుకునేది, గంట కొట్టగానే మళ్లీ నోట్లో వేసుకునేది. మేం పాఠం కన్న ఆ ముడి కోసమే ఎక్కువ ఎదురుచూసేవాళ్లం.

ఆమె మెడలో పుస్తెలుండేవి, నుదుట రూపాయంత కుంకుమ. మొగుడు మాత్రం కనపడడు. నాగపూరులో ఉన్నాడనీ, ఇంకొక ఆమెను చేసుకున్నాడనీ, అది తెలిసిన రోజే ఈమె గడప దిగి, మళ్లీ ఆ ఇంటి ముఖం చూడనని ఒట్టుపెట్టుకొని ట్రైనింగుకు పోయిందనీ ఊళ్లో చెప్పుకునేవారు. నేను పెద్దదాన్నయ్యాక ఒకసారి ధైర్యం చేసి అడిగాను, మరి ఈ కుంకుమ ఎందుకు బాయీ అని.

"కుంకుమ తల్లిగారిది బిడ్డా. పుట్టినప్పుడే వెట్టిండ్రు. ఆయన ఇచ్చిందైతే ఆయన మొకాన్నే కొట్టి వద్దును," అన్నది.

ఆ తల్లిగారిల్లు హుస్నాబాద్ దిక్కు. కలరా గత్తర వచ్చిన ఏడు తల్లీ తండ్రీ అన్నా వరుసగా పోయారు. మిగిలిన ఇల్లు కూలి, అందులో ఎవరో బర్రెలు కట్టేసుకుంటున్నారట. ఇది కూడా ఆమె చెప్పలేదు. ఎవరో చెప్పగా విన్నదే.

నేను బి.ఏ. ప్యాసై ఊరికి వచ్చిన ఎండాకాలం బాయి మా ఇంటికి పటం పట్టుకొని వచ్చింది. బడి గోడకు వేలాడే హిందూదేశపు బట్టపటం. మా ఊరు ఉండవలసిన చోట పిల్లలందరం వేళ్లు పెట్టీ పెట్టీ బట్ట తెల్లబడిపోయింది. దాన్ని నడింట్లో పరిచి, మా బాపు కిరాణా దుకాణంలో నుంచి చారెడు చింతగింజలు తెప్పించింది.

"జుగ్రాఫియాల ఎం.ఏ. సెప్పే ఊర్లు పెడ్త. సూడు," అని ఒక్కొక్క గింజ పెట్టుకుంటూ పోయింది. హైదరాబాదు. వాల్తేరు. పూనా. కాశీ. నాగపూరు. ఇంకా ఎక్కడెక్కడో. ఆ గింజలు చూస్తుంటే నాకు నోరూరింది. దేశం అంత పెద్దదని క్లాసులో చదివాను గానీ, అందులో నాకు చోటున్న ఊళ్లు ఇన్ని ఉంటాయని అనుకోలేదు.

బాపు వచ్చి పటం అవతలి అంచున గొంతుకూర్చున్నాడు. ఆయన చదువుకు అడ్డంపడే మనిషి కాదు. కానీ ఆయనకు ఒక నియమం ఉండేది. పోలీసు యాక్షన్ ముందు గడబిడ రోజుల్లో సరుకు కోసం వరంగల్లు పోయి చిక్కుబడ్డాడట. వీధి వీధంతా తలుపులు కొట్టాడు. ఒక్కటీ తెరుచుకోలేదు. చివరికి అవ్వ తరఫు దూరపు చుట్టం ఎవరో పేరు విని గడియ తీశారు. అప్పటి నుంచి ఆయన దృష్టిలో చుట్టం ఉన్నదే ఊరు, లేనిది అడవి. నేను హైదరాబాదులో బి.ఏ. చదివింది కూడా మేనమామ అక్కడ నౌకరి చేస్తుండబట్టే. రాష్ట్రాలు విడదీసి కలిపినప్పుడు మామను గుల్బర్గా దిక్కు వేశారు. ఆయనతోపాటు నా హైదరాబాదూ పోయింది.

"హైదరాబాద్ల ఇగ మనోళ్లెవలున్నరు?" అన్నాడు బాపు. ఎవరూ లేరు. గింజ తీశాడు.

"ఆడివిల్లల హాస్టలున్నది సావుకారీ," అన్నది బాయి.

"హాస్టల్ అంటె సత్రమే గద బాయీ. సత్రంల జరమొస్తె కషాయం ఎవలు కాస్తరు?"

వాల్తేరు గింజ అవ్వ తీసేసింది. సముద్రం పక్కన ఊరు వద్దే వద్దు అన్నది. కాశీ పేరెత్తగానే కాశికి పోయినోడూ కాటికి పోయినోడూ ఒక్కటే అని ఆ గింజ కూడా ఎగరగొట్టింది. పూనా ఎక్కడుందో బాపు వేలితో కొలిచి, రైలు ఎన్నిచోట్ల మారాలో అడిగి, ఆ గింజా తీశాడు. అలా పటం ఖాళీ అయిపోతుంటే నేను కూర్చొని చూస్తున్నాను. ఆ ఏడు ఇంట్లో కూర్చుంటే ఇక కూర్చున్నట్టేనని నాకు తెలుసు. దుకాణంలో గల్లా దగ్గర నాకోసం చాప కూడా వేసి ఉంది.

నాగపూరు గింజ మీదికి బాపు చెయ్యి రాగానే బాయి దాని మీద వేలు పెట్టింది.

"ఇది తియ్యకు. రైలు మారే పనిలేదు. ఆడ నా ఆడబిడ్డ ఉన్నది. మొగనితోని నాకు మాటల్లేవు గని, ఆడబిడ్డ బంగారం. పోరిని కండ్లల్ల వెట్టుకొని సూస్తది."

బాపు చాలా మర్యాదగా అన్నాడు: "మీకు ఆడబిడ్డ బాయీ. మాకేమైతది?"

బాయి "అచ్ఛా," అన్నది. కోపంగా కాదు. పటం చుట్టింది. నాగపూరు గింజ మాత్రం దొర్లిపోకుండా తీసి కొంగు కొనకు, వక్కపలుకు పక్కనే, ముడివేసుకొని పోయింది.

కొన్ని రోజులకు పొద్దు వాలుతుండగా దుకాణానికి వచ్చింది. నేను లోపల పప్పు చెరుగుతున్నాను. మడిచిన గొడుగు తక్కెడ పక్కన ఆనించి, కొనవచ్చిన గిరాకీ లాగే నిలబడింది.

"ఏం గావాలె బాయీ?" అన్నాడు బాపు.

"బియ్యం."

"ఎన్ని సేర్లు?"

"ఒడి నిండ."

బాపు చేతిలో సేరు బియ్యం బస్తాలో సగం ముంచి ఉంది. అలాగే ఆగిపోయింది. ఒడిబియ్యం అన్నదమ్ములు పిలిచి పోస్తారు. అక్కచెల్లెళ్లు పోయించుకుంటారు. అడిగే వస్తువు కాదది.

బాయి గొంతు పాఠం చెప్పే గొంతు లాగే ఉంది. "నాకు తల్లిగారోళ్లు లేరు. నీకు అక్కచెల్లెండ్లు లేరు. పోరికి నాగపూర్ల మనోళ్లు లేరు. నువ్వు నాకు ఒడిబియ్యం పోస్తె మూడు లోట్లు ఒక్కతాన్నే పోతయ్. నేను నీ చెల్లెనైత. నా ఆడబిడ్డ నీకు చుట్టమైతది. నాగపూరు మీ ఊరైతది. పోస్తవా అన్నా?"

అవ్వ లోపలి నుంచి వచ్చింది. "అడిగి పోయించుకునే ఒడిబియ్యం ఏడన్న ఉంటదా బాయీ?" అన్నది.

"ఉండది. నాకెరికే. అందుకే ఇన్నేండ్లు ఎవల్నీ అడగలే."

బాయి గొడుగు తీసుకొని వెళ్లిపోయింది. ఆ రాత్రంతా ఇంట్లో అవ్వ గిన్నెలతో మాట్లాడింది. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు కదా. ఆ పోరు లేని ఇల్లని ఏరికోరి అవ్వను ఇక్కడ ఇచ్చారట. "ఇన్నేండ్లకు పుట్టుకొచ్చింది ఆడబిడ్డ, గొడుగేసుకొని!" అని సణిగింది. బాపు మరునాడు బడికి పోయే పిల్లతో గురువారం మంచిగున్నదని కబురు పంపాడు.

గురువారం తూర్పు ముఖంగా పీట వేసి బాయిని కూర్చోబెట్టారు. అవ్వ ఆమె పాదాలకు పసుపు రాసింది. గొణుగుతూనే రాసింది గానీ వేళ్ల సందుల్లో కూడా వదలకుండా రాసింది. ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, రవికెగుడ్డ ఒడిలో పెట్టి, బాపూ అవ్వా కలిసి పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో పోశారు. బాయి కొంగు రెండు చేతులా పట్టుకొని కిందికే చూస్తున్నది. పెళ్లయిన కొత్తలో ఒకసారి పోయించుకొని ఉంటుంది. పద్ధతులన్నీ మరిచిపోయినట్టుంది. బియ్యం మూట కట్టుకొని లేచి నేరుగా గుమ్మం వైపు నడిచింది.

"ఓ బాయీ, ఆగు!" అవ్వ అరిచింది. "తల్లిగారింటికి పిడికెడు వెట్టకుంటనే పోతవా? ఇల్లు ఖాళీ జేసి పోతవా ఏంది?"

ఒడిలో నుంచి పిడికెడు తీసి తల్లిగారింట్లో ఉంచాలి. ఆడబిడ్డ అంతా తీసుకుపోయిందని కాకుండా, ఇల్లు నిండుగా ఉండాలని. బాయి వెనక్కి తిరిగింది. బాపు కండువా పరిచి రెండు చేతుల మీద పట్టాడు. ఆమె పిడికెడు బియ్యం తీసి అందులో వేసింది. ఆమె ముఖం ఎలా ఉందో నేను చెప్పలేను, గొడుగు అడ్డం వచ్చింది. ఇంట్లో, నీడలో, గుమ్మం దగ్గర ఆ గొడుగు ఎందుకు విప్పిందో అప్పుడు నాకు తెలియలేదు.

బాపు ఆ సాయంత్రమే నాగపూరుకు దరఖాస్తు పెట్టుకోమన్నాడు. ఒక్కచోటికే పెడితే, అక్కడ సీటు రాకపోతే ఎట్లా బాయీ అని అడిగాను. "ఒక్క ఊరినే చుట్టం జెయ్యగలిగిన బిడ్డా. ఇంకో ఊరికి ఇంకో ఒడి నాకు లేదు," అన్నది. ఆమె దగ్గర కూర్చొని దరఖాస్తు రాశాను. సీటు వచ్చింది.

ఒడిబియ్యం తెచ్చుకున్నాక మెట్టినింట్లో వండాలి, అక్కడివాళ్లకు పెట్టాలి. అప్పుడే ఆ పోసినదానికి అర్థం. ఇది నాకు తెలుసు. కానీ బాయి ఆ బియ్యం ఏం చేసిందో ఆలోచించలేదు. చదువు దొరికిన ఆడపిల్లకు ఇంకేం కనపడుతుంది.

నాగపూరులో ఆడబిడ్డ ఇంట్లో దిగాక ఆమె చెప్పింది. నన్ను వంటింటి గడప మీద కూర్చోబెట్టి, జొన్నరొట్టె వేస్తూ చెప్పింది.

"మీ బాపు పోసిన బియ్యం గీ పొయ్యి మీదనే వండింది. సంచి ఒళ్లె వెట్టుకొని రైల్ల వచ్చింది. వండినంక, నీ అన్నను పిలువు అన్నది. నేను పరేషానైన. ఇన్నేండ్లల్ల ఆయన పేరు కూడ తియ్యలే గద. పిలిచిన. వచ్చిండు. ఆమెనే వడ్డించింది. రెండుమాట్లు పెట్టించుకొని తిన్నడు. ఎవలి బియ్యం అని అడిగిండు. మా అన్నయి అన్నది. నీకు అన్నెక్కడోడు అన్నడు. ఆసిఫాబాద్ల ఉన్నడు అన్నది. అంతే. గిన్నెలు తోముకున్నది, రైలెక్కింది."

"ఇక్కడ మీరొక్కరు తింటే సరిపోదా? ఆయనను పిలవడం ఎందుకు?" అన్నాను.

"నేను గదే అన్న. మొగని ఇల్లు తినకుంటె ఒడిబియ్యం సగమే అయినట్టట. సగం గీసిన నదో ఏదో అన్నది. నాకు సమజ్ గాలే."

నాకు సమజైంది. రొట్టె చేతిలోనే ఉంది, తినలేకపోయాను. నాకొక ఊరు కావాలని, ముఖం చూడనన్న మనిషికి ఆమె అన్నం వడ్డించింది. సెలవులకు ఊరికి వచ్చినప్పుడు బాయి దగ్గర ఆ మాట ఎత్తబోతే, "హాస్టల్ల నీళ్లు మంచిగుంటయా?" అని అడిగింది. నేను హాస్టల్లో లేనని ఆమెకు తెలుసు.

నా ఎం.ఏ. అయిపోయింది. కరీంనగరంలో ఉద్యోగమూ వచ్చింది. కొన్నేళ్లకొకసారి పోసే ఒడిబియ్యం ఏడు మళ్లీ వచ్చినప్పుడు అవ్వ, "సదువు అయిపాయె గద. ఇంక ఎందుకు?" అన్నది. బాపు తక్కెడ రాళ్లు సర్దుతూ, "పోసినంక పోసినట్టే. సదువు ఒడిస్తె చెల్లె గాకుంట పోతదా?" అన్నాడు. అవ్వ మూతి తిప్పుకొని లోపలికి పోయి బస్తాలో చెయ్యి పెట్టి, పురుగు లేని కుడుకలు ఏరడం మొదలుపెట్టింది. ఆ తరువాత కూడా అంతే. ప్రతిసారీ అడిగేది, ప్రతిసారీ ఏరేది. బాయిని వదినె అని పిలవడం మాత్రం ఎప్పుడూ వినలేదు. బాయి పిడికెడు వేయడం మళ్లీ మరిచిపోలేదు. బాపు కండువా పరచకముందే పిడికిలి పట్టుకొని నిలబడేది. రిటైరయ్యాక, ఆడబిడ్డకు చాతకావడం లేదని నాగపూరు పోయింది. పటం, గొడుగు రెండూ వెంట తీసుకుపోయింది. పటం బడిది. ఎవరూ అడగలేదు.

పెద్దపల్లిలో రైలెక్కాను. ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్లో బాపూ అవ్వా ఎక్కారు. బాపు భుజాన కండువా, చేతిలో పసుపుపచ్చ మూట. ముగ్గురం ఒకే బల్ల మీద కూర్చున్నాం. అవ్వ కాగితం విప్పి చీర అంచు వేళ్లతో రుద్ది చూసి మళ్లీ మడిచింది. బల్లార్షా దాటాక ఎదుటి బల్ల మీది ఆయన బాపును పలకరించాడు.

"నాగపూర్ల మీవోళ్లున్నరా?"

"చెల్లె ఉన్నది," అన్నాడు బాపు.

అది విన్నప్పుడైనా నాకు ఏదో కావాలి కదా. కిటికీ బయట ఎండిన పత్తిచేలు చూస్తూ కూర్చున్నాను. రైలు ఆలస్యంగా నడుస్తున్నది. బాపు ప్రతి స్టేషన్లోనూ తల బయటపెట్టి, "ఆగుతరా?" అని నన్ను అడిగాడు. ఆగుతారు అన్నాను. నాకేం తెలుసు.

ఆగారు. ఇరుకు గల్లీలో ఆడబిడ్డ తన ఇంటి గడపకు అడ్డంగా కాళ్లు చాపుకొని కూర్చొని ఉంది. ఎత్తడానికి వచ్చిన మగవాళ్లు, బాయి మొగుడి రెండో సంసారపు కొడుకులు, చాలాసేపటి నుంచి వాకిట్లో విసుక్కుంటున్నారు. కలుపుకున్న చుట్టరికానికి ఇంత ఆలస్యమా అంటున్నారు. నన్ను దాటి తీస్కపోండ్రి అన్నదట ఆడబిడ్డ. గోడకానుకొని తెల్లటోపీ ముసలాయన ఒకాయన ఉన్నాడు. ఆయనే అని ఎవరూ చెప్పనక్కరలేదు. మమ్మల్ని చూసి, ఎందుకో, టోపీ తీశాడు. మూలకు నల్లగొడుగు ఆనించి ఉంది.

పెద్దమనిషి ఒకాయన మరాఠీలో, పుట్టింటివాళ్లెవరు అని అడిగాడు. బాపుకు మరాఠీ వచ్చు, కానీ అవ్వ ముందుకు నడిచింది.

"మేమే. జర జరుగుండ్రి. మా వదినె," అన్నది.

చీర నేనిచ్చాను. అవ్వ కప్పింది. పాదాలకు పసుపు రాసింది, వేళ్ల సందులతో సహా. కొంగు ఆమె మీదనే పరిచి, కుడుకలు పెట్టి, బియ్యం పోసింది. తరువాత బాపు పోశాడు. మూట చివరి గింజ వరకు దులిపి పోశాడు. బాయి ముఖం పాఠం మొదలుపెట్టబోయే ముఖం లాగే ఉంది. బుగ్గ మాత్రం ఖాళీగా, లోపలికి పోయి ఉంది. చూస్తూ నిలబడ్డాను.

మగవాళ్లు వెదుళ్లు పట్టుకొని దగ్గరికి వచ్చారు. బాపు కదలలేదు. భుజం మీది కండువా తీసి, పరిచి, రెండు చేతుల మీద పట్టుకొని ఆమె ఎదురుగా నిలబడ్డాడు. వాళ్లకు అర్థం కాలేదు. ఒకడు పక్కకు జరగమని భుజం తట్టాడు. బాపు కండువా ఇంకొంచెం ముందుకు చాపాడు.

అవ్వ చాలా మెల్లగా అన్నది: "ఇయ్యాల పిడికెడు వెట్టది. ఇల్లు ఖాళీ జేసే పోతది. పా."

బాపు కండువా దించలేదు. వాళ్లు ఆయన పక్క నుంచే ఆమెను ఎత్తుకొని పోయారు.